ముల్లు దిగితే చల్లబడినట్టేనా?



ఈ వారం వీడియోలో గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు చెప్పుకున్నాం కదా. మనిషి ఎలా పడిపోతాడో కృష్ణుడు మెట్టు మెట్టుగా చెప్పిన చోటు అది. ఒక విషయాన్ని పదే పదే తలుచుకోవడం, దాంతో అంటుకుపోవడం, కోరిక, కోపం, మైకం, స్మృతి చెడటం, బుద్ధి పోవడం, చివరికి నాశనం. మొత్తం ఎనిమిది మెట్లు. దీనికి నా జీవితంలోంచి ఒక ఉదాహరణ ఉందని, టైమ్ చాలట్లేదని వీడియో చివర్లో అన్నాను. నిజానికి టైమ్ చాలక కాదు. కెమెరా ముందు చెప్పాలంటే సిగ్గేసింది. రాయడం కొంచెం తేలిక.

మాది మదనపల్లె పక్కన ఒక ఊరు. మా నాయనకి ఒక పాత డీజిల్ పికప్ ఉంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. సీజన్‌లో టమోటా బాక్సులు మార్కెట్ యార్డుకి తోలతాడు, మిగతా రోజుల్లో ఏ బాడుగ దొరికితే అది. నా ఇంజినీరింగ్ ఫీజులో సగం ఆ బండి కట్టిందే. నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి "ఆ డబ్బా అమ్మేయ్ నాయనా, నెలకింత అని నేను పంపిస్తా" అని మొదలుపెట్టాను. ప్రేమతోనే అన్నాననుకున్నాను. ఆయనకి అది ఎలా వినపడిందో ఆలోచించలేదు. ఒక సంక్రాంతికి మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత ఫోన్లో మా మధ్య రెండే ముక్కలు, "తిన్నావా?" "తిన్నా."

అప్పటికే నేను గీత చదువుతున్నాను. పొద్దున్నే ఇరవై నిమిషాలు ధ్యానం, రాత్రి ఒక శ్లోకం. ఒకరోజు రూమ్‌మేట్‌తో గర్వంగా అన్నాను కూడా: "ఇప్పుడు మా నాయన ఏమన్నా నాకేం అనిపించట్లేదు రా. ప్రశాంతంగా ఉంది." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మొన్న మే నెలలో ఊరికి వెళ్లాను. నాయనకి జ్వరం. పశువుల కొట్టానికి సిమెంటు రేకులు తిరుపతిలో కొని పెట్టాడు, అవి తేవాలి. నేను తెస్తానన్నాను. పక్కింటాయన వచ్చి కూర్చుంటే, నాయన నవ్వుతూ "మావోడికి ఏసీ రూములో కూర్చునేది వచ్చు గానీ బండి తోలేది యాడొస్తాది" అన్నాడు. నేను వింటున్నానని ఆయనకి తెలుసో లేదో. తాళం చేతికిస్తూ చెప్పింది మాత్రం ఇది: "రేడియేటర్లో నీళ్లు సూసుకో. ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు సూస్తా ఉండు." ముల్లు అంటే డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ మీటర్ ముల్లు. నేను "సరే సరే" అన్నాను, బానెట్ ఎత్తలేదు. సీటు వెనకాల మురికి పట్టిన ఐదు లీటర్ల నీళ్ల క్యాను ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నా బ్యాగ్ పెట్టుకోవడానికి అడ్డమని దాన్ని తీసి అరుగు మీద పెట్టేశాను.

తిరుపతిలో రేకులు ఎక్కిస్తుంటే టీ తాగుతూ ఫోన్ చూసుకున్నాను. నాయన నుంచి మూడు మిస్డ్ కాల్స్. మళ్లీ ఏదో క్లాస్ పీకుతాడులే అని తిరిగి చేయలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి, ఎండ మండిపోతుండగా, లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నాను. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, మనసు మాత్రం పొద్దున అరుగు మీదే ఉంది. "బండి తోలేది యాడొస్తాది." ఆ మాటకి నేను ఇవ్వాల్సిన జవాబు తయారుచేసుకుంటున్నాను. ఒకటి తయారయ్యేది, ఇంకా పదునుగా ఇంకొకటి. అందులో ఆయన జవాబు కూడా నేనే చెప్పేసి, దానికి మళ్లీ నా జవాబు. మీలో ఎంతమందికి ఈ అలవాటు ఉందో నాకు తెలియదు గానీ, స్నానం చేస్తూ, మెట్రోలో నిలబడి, నేను ఇలాంటి వాదనలు వందల్లో గెలిచాను. కృష్ణుడు మొదటి మెట్టు అని చెప్పింది దీన్నే. అది కోపం కాదు, కోపానికి ఇంకా మూడు మెట్లు ముందున్న సంగతి. ఉత్తి తలుచుకోవడం. అక్కడ అంతా హాయిగానే ఉంటుంది, అందుకే ఎవరూ అక్కడ ఆగరు.

రెండు మలుపులు తిరిగాక చూస్తే ముల్లు ఎర్ర గీత దగ్గరుంది. ఆపాలి. చిన్నప్పటి నుంచి తెలుసు ఆపాలని. కానీ ఆపితే "చూశావా, చెప్పాను కదా" అనిపించుకోవాలి. ఇంకాస్త ఎక్కేస్తే ఘాట్ అయిపోతుంది కదా అనుకున్నాను. స్మృతి చెడటం అంటే జ్ఞాపకశక్తి పోవడం కాదండీ. నాయన పొద్దున చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. అవసరమైన క్షణంలో అది పనికి రాలేదు, అంతే.

ఇంకో మలుపు తిరిగాక ముల్లు దిగడం మొదలైంది. ఎర్ర గీత నుంచి సగానికి, సగం నుంచి ఇంకా కిందికి. "హమ్మయ్య, చల్లబడింది" అనుకున్నాను. నా నిర్ణయం కరెక్టే అని కొంచెం గర్వం కూడా. అలా మూడు నాలుగు కిలోమీటర్లు పోనిచ్చాను. తర్వాత ఇంజిన్‌లోంచి టక టక మని శబ్దం, బండి లాగడం మానేసింది, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి పొగ.

నాయన జ్వరంతోనే బస్సెక్కి వచ్చాడు. చెట్టు కింద కూర్చున్న నన్ను చూసి అడిగింది ఒక్కటే, "నీకేం కాలేదు కదా?" నేను తల ఊపాను. ఆ తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాడు. దారంతా తయారుచేసుకున్న జవాబుల్లో ఒక్కటీ పనికి రాలేదు.

ఇంకో బండికి తాడు కట్టి మెకానిక్ షెడ్డుకి చేర్చాం. మేం మామ అని పిలిచే పెద్దాయన ఆయన. డిప్ స్టిక్ తీసి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులో ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట. హెడ్డు దించి, దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశాడు. మధ్యలో 0.20 మిల్లీమీటర్ల వంపు. మామూలు కాగితాలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. బండెడు ఇనుము కాగితమంత వంగినందుకు ఇంజిన్ మొత్తం పనికిరాకుండా పోయింది. పిస్టన్లు లైనర్లను గీసేశాయి, రింగులు పట్టేశాయి.

నేను అమాయకంగా అడిగాను. "కానీ మామా, మధ్యలో ముల్లు దిగింది కదా. చల్లబడిందనే పోనిచ్చినా."

ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ముల్లు దిగింది చల్లబడి కాదు నాయనా. నీళ్లు అయిపోయి."

తర్వాత విడమరిచి చెప్పాడు. కింద హోస్ పైపు పగిలి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. మీటరుకి వేడి చెప్పే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటుంది. అది చెప్పేది ఇంజిన్ వేడి కాదు, తనని తాకే నీళ్ల వేడి. నీళ్లే లేకపోతే చెప్పడానికి ఏముంది? చాలా బండ్లలో ముల్లు పడిపోతుంది. ఇంజిన్ ఎర్రగా కాలిపోతుంటే మీటరు మాత్రం అంతా బాగుందని చూపిస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి గురించి కాదు. "మా నాయన ఏమన్నా నాకేం అనిపించట్లేదు, ప్రశాంతంగా ఉంది" అన్న నా మాటే చెవిలో మోగుతోంది. నా ముల్లు కూడా దిగింది. ఎందుకు దిగిందో అంతవరకూ చూసుకోలేదు.

మన వయసు వాళ్లకి ఇది చాలా అవసరమైన ప్రశ్న అని నాకనిపిస్తుంది. అరవని వాళ్లు రెండు రకాలు. లోపల నిండుగా ఉండి అరవని వాళ్లు, లోపల ఎండిపోయి అరవని వాళ్లు. బయటి నుంచి చూస్తే ఇద్దరి మీటరూ ఒకటే. వాట్సాప్‌లో మ్యూట్ చేసి, ఇంటికి వెళ్లడం తగ్గించేసి, "నేను డిటాచ్ అయిపోయాను" అని చెప్పుకుంటాం. దానికి వైరాగ్యం అని పేరు పెట్టుకోవడానికి గీత చేతిలో ఉండనే ఉంది.

గీత మాత్రం అలా చెప్పలేదు. అదే రెండో అధ్యాయంలో, ఈ ఎనిమిది మెట్లు చెప్పిన కాసేపటికే, 70వ శ్లోకంలో స్థితప్రజ్ఞుడికి పోలిక వస్తుంది. నదులన్నీ వచ్చి కలుస్తున్నా, నిండుగా ఉండి చలించని సముద్రం. కృష్ణుడు ఎంచుకున్న పోలిక చూడండి. అల లేని చోటు కావాలంటే ఎండిన చెరువు కూడా ఉంది. ఆయన సముద్రాన్నే తీసుకున్నాడు. 64లో కూడా విషయాల నుంచి పారిపోయినవాడికి ప్రశాంతత వస్తుందనలేదు. రాగద్వేషాలు వదిలి, ఇంద్రియాలను అదుపులో పెట్టుకుని, ఆ విషయాల మధ్యే తిరిగేవాడికి వస్తుందన్నాడు. పన్నెండో అధ్యాయం 13వ శ్లోకంలో తనకి ఇష్టమైన భక్తుడి లక్షణాలు చెబుతూ, ద్వేషం లేకపోవడం దగ్గర ఆపలేదు. వెంటనే మైత్రి అన్నాడు, కరుణ అన్నాడు. నాకు మొదటిది వచ్చేసిందని మురిసిపోయాను. పక్కనే ఉన్న రెండూ నా దగ్గర లేవు. అంటే ఆ మొదటిది కూడా రాలేదన్నమాట.

ఇంకొకటి ఉంది, నన్ను బాగా పట్టుకున్నది. పదిహేడో అధ్యాయంలో మూడు రకాల తపస్సులు వస్తాయి: శరీరంతో, మాటతో, మనసుతో చేసేవి. మౌనం ఏ లిస్టులో ఉంటుందని మీరనుకుంటున్నారు? నేనైతే మాట లిస్టులో అనుకున్నాను. తీసి చూడండి. 15వ శ్లోకంలో వాక్కు తపస్సు ఉంది. అక్కడ మౌనం లేదు. ఎదుటివాడిని నొప్పించకుండా, నిజంగా, ఇష్టంగా, మేలు కలిగేలా మాట్లాడటం ఉంది. మాట్లాడటమే అక్కడ తపస్సు. మౌనం 16లో, మనసు చేసే తపస్సులో వస్తుంది. నోరు కట్టేసుకుని లోపల వాదన నడిపేవాడిని గీత మౌని అనదు. ఆ లెక్కన నేను చేయాల్సింది మానేసి, చేయకూడనిది రెండేళ్లు చేశాను.

ఆఫీసులో చెప్పి పన్నెండు రోజులు ఊరి నుంచే పని చేశాను. పొద్దున మీటింగులు, మధ్యాహ్నం నుంచి షెడ్డు. ఇంజిన్ పని దగ్గరుండి చూడని వాళ్లకి అదెంత ఓపికో తెలియదు. హెడ్డుని లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించాం. ఎక్కడైనా పగులుందేమోనని దానిలోకి గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచి చూశారు, బుడగలు రాలేదు, ఆ రోజు మా అమ్మ వెంకన్నకి కొబ్బరికాయ కొట్టింది. కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాటర్ పంపు, హోస్ పైపులన్నీ. బిల్లు అరవై వేలు దాటింది.

రేడియేటర్ విప్పినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సన్నటి గొట్టాల్లో సగానికి సగం తెల్లగా ఉప్పు పట్టి పూడుకుపోయాయి. ఏళ్ల తరబడి కూలెంట్ కాకుండా బోరు నీళ్లే పోస్తూ వచ్చాం. "హోస్ పగలకపోయినా ఈ వేసవికి ఎప్పుడో ఒకసారి కాలేదే" అన్నాడు మామ. అంటే ఆ రోజు ఘాట్‌లో మొదలైంది కాదు అది. వాసనలు, సంస్కారాలు అని మన పెద్దలు అంటుంటారే, నాకు ఎప్పుడూ సరిగ్గా అర్థం కాని మాటలు, ఆ గొట్టాలు చూశాక అర్థమయ్యాయి. ఒక్కో రోజు పట్టిన ఉప్పు కంటికి కనపడదు. ఇనుప కడ్డీలు పెట్టి ఒక్కో గొట్టం గీకుతుంటే నా నిత్య జపం గుర్తొచ్చింది. ఏమీ జరుగుతున్నట్టు అనిపించట్లేదని మానేద్దామనుకునే జపం. ఉప్పు పట్టేటప్పుడు కూడా ఏమీ జరుగుతున్నట్టు అనిపించలేదు కదా.

థర్మోస్టాట్ వాల్వ్ దగ్గర చిన్న గొడవ. మన వైపు చాలామంది దాన్ని తీసి పారేయిస్తారు, "నీళ్లు ఎప్పుడూ తిరుగుతా ఉంటే చల్లగా ఉంటాది" అని. నాయన కూడా అదే అన్నాడు. మామ ఒప్పుకోలేదు. ఇంజిన్ పుట్టిందే 80, 90 డిగ్రీల దగ్గర నడవడానికట. మరీ చల్లగా ఉంటే డీజిల్ సరిగ్గా మండదు, ఆయిల్ పలచబడదు, లోపల త్వరగా అరుగుతుంది. వేడి శత్రువు కాదు, హద్దు లేని వేడి శత్రువు. తపస్సు అన్న మాటకి మూలమే వేడి కదా అని నేనంటే, మామ నన్ను విచిత్రంగా చూసి "13 నంబర్ స్పానర్ ఇటియ్యి" అన్నాడు.

పదో రోజు హెడ్డు కూర్చోబెట్టారు. బోల్టులు బిగించే పని నాకిచ్చాడు మామ. మధ్య బోల్టుతో మొదలుపెట్టి బయటికి పోవాలి, ఒకేసారి పూర్తిగా బిగించకూడదు. మొదటి చుట్టు కొంచెం, రెండో చుట్టు ఇంకొంచెం, మూడో చుట్టుకి టార్క్ రెంచ్ పెట్టి లెక్క ప్రకారం. నాయన ఒక్కో బోల్టు చూపిస్తుంటే నేను బిగిస్తున్నాను. రెండో చుట్టులో ఉన్నప్పుడు అడిగాను.

"ఆ పొద్దు మూడుసార్లు ఫోన్ చేసినావు కదా నాయనా. ఎందుకు?"

"క్యాను మర్సిపోయి పోయినావు. అరుగు మీద ఉండింది. తిరపతిలో ఒక క్యాను నీళ్లు పట్టుకోమని చెప్దామని."

చేతిలో రెంచ్ ఆగిపోయింది. ఆయన నేను మర్చిపోయాననుకున్నాడు. ఈ పది రోజులూ అలాగే అనుకుంటున్నాడు. అలాగే ఉండనిచ్చినా సరిపోయేది. చాలా తేలిగ్గా ఉండేది.

"మర్సిపోలేదు. బ్యాగుకి అడ్డమని నేనే తీసేసినా. ఫోన్ కూడా చూసినా, కావాలనే చేయలేదు."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. షెడ్డులో ఎవరో గ్రైండర్ వేస్తున్నారు. ఆ శబ్దం ఆగాక నా వైపు చూడకుండానే అన్నాడు. "నేను కూడా ఆ పొద్దు పక్కింటోడి ముందర అట్ల అనకుండా ఉండాల్సింది." మళ్లీ వేలితో చూపించాడు. "ఇది. తర్వాత ఆ పక్కది."

మూడో చుట్టు ముగిసేసరికి సాయంత్రమైంది. ఆ మధ్యలో ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. బండి అమ్మే విషయం మాత్రం రాలేదు. నేను ఎత్తలేదు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌కి మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడ్ వేయకూడదు, ఎక్కువ స్పీడు పోకూడదు. రింగులు లైనర్లకి ఒరుసుకుని సర్దుకోవాలి. కొత్త లైనర్ లోపల అద్దంలా నున్నగా ఉంటుందనుకున్నాను నేను. కాదు, కావాలనే అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతారు. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది.

బెంగళూరు బస్సెక్కే ముందు రోజు, ఖాళీ బండితో నాయనా నేనూ పీలేరు దాటి భాకరాపేట దాకా వెళ్లాం. ఘాట్ కొంత దూరం దిగి, మళ్లీ ఎక్కి రావాలని ఆయన ఆలోచన. నేను తోలుతున్నాను. ఎక్కేటప్పుడు ఆయన రోడ్డు చూడట్లేదు, ముల్లు చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. సగం దగ్గర నిలబడింది, కదల్లేదు.

"క్యాన్లో నీళ్లు ఉండాయా?" అన్నాడు.

"ఉండాయి నాయనా."

"సూసినావా, ఊరికే చెప్తా ఉండావా?"

బండి పక్కకి ఆపి, దిగి, సీటు ముందుకి వంచి చూశాను. రెండు క్యాన్లు ఉన్నాయి. ఒకటి నేను పెట్టింది, నిండుగా ఉంది. రెండోది పాతది, మురికిది. ఆయన ఎప్పుడు పెట్టాడో తెలియదు. మూత తీశాను. అదీ నిండుగానే ఉంది.